రూ.38 వేల జీతానికి రూ.32 లక్షల ఫ్లాటా?

ప్రశ్న: గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం. చేతికి రూ.38 వేలు వస్తుంది. ప్రస్తుతం అద్దె రూ.9 వేలు, వచ్చే నెల నుంచి రూ.10 వేలు చేస్తామంటున్నారు ఓనరు. ఖర్చులు పోను నెలకు రూ.7 వేలు మిగులుతోంది. బ్యాంకులో రూ.6 లక్షలున్నాయి. అద్దె దండగని రూ.32 లక్షల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు చూశాం. పన్ను మినహాయింపు కూడా వస్తుందని బిల్డర్ మనిషి చెబుతున్నాడు. లేదంటే టిడ్కో ఇల్లు ఒకటి నోటరీ మీద ఇప్పిస్తానని మా కొలీగ్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు టిడ్కో సంగతి. వద్దు. అది ప్రభుత్వం లబ్ధిదారుకు కేటాయించిన ఇల్లు. నోటరీ కాగితంతో మీకు హక్కు రాదు. రేపు తనిఖీకి వస్తే మీ చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు.

ఇక ఫ్లాటు. స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5%, అంటే మరో రూ.2.4 లక్షలు. మీ ఆరు లక్షలూ ఊడ్చిపెట్టినా రూ.28.4 లక్షలు అప్పు చేయాలి. వడ్డీ 8.5%, గడువు 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు రూ.24,650. మొదటి నెల అందులో వడ్డీయే రూ.20 వేలు దాటుతుంది. ఓనరుకు పది వేలిస్తే దండగ, బ్యాంకుకు ఇరవై వేల వడ్డీ కడితే కాదా? ఆ ఇంటి ధరతో పోలిస్తే ఏడాది అద్దె 4% కూడా లేదు. అంత చవగ్గా ఉంటున్నారు మీరు.

పన్ను మినహాయింపు మాట నవ్వొచ్చేలా ఉంది. ఏడాదికి రూ.4.56 లక్షల జీతానికి అసలు పన్నే పడదు, ఇక మినహాయించేది ఏముంది! అమరావతి రాజధాని వస్తోంది, రేట్లు లేస్తాయని కూడా ఆ బిల్డర్ మనిషి చెప్పే ఉంటాడు. 2015లో అదే మాట నమ్మి కొన్నవాళ్లు 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఎంత బెంగపడ్డారో గుంటూరు వాళ్లకు నేను చెప్పాలా?

కొత్త అద్దెతో చూస్తే మీ దగ్గర మిగిలేది రూ.6 వేలు. దానికి ఆ పది వేలు కలిపి, మెయింటెనెన్స్‌కు రూ.1,500 తీసేస్తే ఈఎంఐకి రూ.14,500. దీనికి దాదాపు రూ.16.5 లక్షల అప్పు సరిపోతుంది. అత్యవసరానికి లక్షన్నర కదపకుండా ఉంచి, మిగతా నాలుగున్నర లక్షలు కలిపితే రిజిస్ట్రేషన్ పోను రూ.19.5 లక్షల ఇంటి వరకు వెళ్లొచ్చు. పాత అపార్ట్‌మెంటో, ఊరి చివర చిన్న ఫ్లాటో వెతకాలి.

అలా కొంటే ఇంకో లాభం. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) అర్బన్ 2.0 వడ్డీ రాయితీలో ఇంటి విలువ రూ.35 లక్షలు, అప్పు రూ.25 లక్షలు దాటకూడదు. ఇప్పుడు చూసిన ఫ్లాటుకు మీ అప్పు ఆ గీత దాటేస్తోంది. లోపలుంటే గరిష్ఠంగా రూ.1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో మీ లోన్ ఖాతాకు వస్తుంది. దేశంలో ఎక్కడా మీ కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. దరఖాస్తుకు ముందే మీ బ్యాంకులో అడిగి అర్హత ఖాయం చేసుకోండి.

అలాంటి ఇల్లు దొరికేదాకా అద్దెకే ఉండండి. పెంపు 11% అవుతోంది. రెండేళ్లు కదలమని చెప్పి, రూ.9,500కు అగ్రిమెంటు రాయమని అడిగి చూడండి. టైముకు అద్దె కట్టేవాళ్లను వదులుకోవాలని ఏ ఓనరుకూ ఉండదు.