నడుమా? మీదా?

సందేహం: ఐరోపా యూనియన్‌ది ‘అంతర్జాతీయ పాలన’ అని ఒకచోట, ‘జాత్యతీత పాలన’ అని మరోచోట చదివాను. రెండూ ఒకటేనా? అసలు దేశమే కానిచోట ‘ప్రజాస్వామ్యం’ అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, హిరమండలం, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: ఒకటి కాదమ్మా. మీ గొట్టా బ్యారేజీ నీళ్లనే తీసుకోండి. వంశధార మీద ఒడిశా, ఆంధ్ర మాట్లాడుకుని తేల్చుకుంటే అది ‘అంతర్రాష్ట్ర’ ఒప్పందం, అంటే రెండు రాష్ట్రాల నడుమ జరిగింది. 2010లో వేసిన ట్రిబ్యునల్ 2017లో ఇచ్చిన తీర్పు నడుమ పుట్టింది కాదు, రెండింటి మీదా వచ్చింది. ఆ తేడాయే ఇక్కడా ఉంది.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కూర్చునేది ప్రభుత్వాల ప్రతినిధులు. కనుక అది అంతర్జాతీయం. ఐరోపా పార్లమెంటు సభ్యులను 1979 నుంచి ఓటర్లే నేరుగా ఎన్నుకుంటున్నారు. ఇప్పుడు 27 దేశాల నుంచి వచ్చిన 720 మంది అక్కడ దేశాలవారీగా కాక రాజకీయ బృందాలుగా కూర్చుంటారు. ఉమ్మడి చట్టంతో దేశపు చట్టం పొసగకపోతే ఉమ్మడి చట్టమే చెల్లుతుందని అక్కడి న్యాయస్థానం 1964లోనే తేల్చింది. దీన్ని ‘అంతర్జాతీయం’ అంటే సగం సంగతి జారిపోతుంది.

‘జాత్యతీత’లో సంధి సరిగానే ఉంది, యణాదేశం. అర్థమే కుదరదు. ‘పార్టీలకు అతీతంగా’ అంటే పార్టీలను పక్కన పెట్టి అని కదా. ఐరోపాలో దేశాలు పక్కకు పోలేదు. సభ్యదేశాల మంత్రులు కూర్చునే మండలిలో చాలా నిర్ణయాలు నెగ్గాలంటే 55 శాతం దేశాలు ఒప్పుకోవాలి, యూనియన్ మొత్తం జనాభాలో 65 శాతం వాటిలో ఉండాలి. పోనీ ‘అధిజాతీయ’ అందామా? ‘అధి’ నాకు నచ్చింది, ‘అధికారం’లో ఉన్నదీ అదే. కానీ తెలుగులో ‘జాతి’కి అర్థాలు ఎక్కువ. ఒక జాతి మరో జాతికన్నా గొప్పదనే ధ్వని అందులో దూరుతుందని నా భయం. అందుకే నేను ‘దేశాల పైని పాలన’ అని రాస్తాను. మీ పిల్లలకు వివరించే పని ఉండదు.

‘ప్రజాస్వామ్యం’ నిక్షేపంగా అనవచ్చు. ఆ మాటలో దేశం లేదు; ప్రజ ఉంది, స్వామ్యం ఉంది. స్వామ్యమంటే యాజమాన్యం. అది ఓటరుకు ఎంత దక్కిందన్నదే చూడాలి. ఐరోపా పార్లమెంటు చట్టాన్ని సవరించగలదు, తోసిపుచ్చగలదు. కొత్త చట్టాన్ని ప్రతిపాదించే హక్కు మాత్రం దాదాపు అంతా యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన కమిషన్‌ది, కమిషనర్లకు జనం ఓటు వేయరు. వంశధార ట్రిబ్యునల్‌కూ మనం ఓటు వేయలేదు కానీ అది తీర్పు చెప్పే చోటు. చట్టం పుట్టేచోట ఓటరు మాట లేకపోతే దాన్ని ‘ప్రజాస్వామ్య లోటు’ అనడం సరైన ప్రయోగమే. ఇంట్లో పెద్దదిక్కు లేని లోటు అంటామే, ఆ ‘లోటు’.