టెక్ సందేహాలు: యాప్ ‘సరిపోతుంది’ అన్న స్ట్రట్ బ్రేస్, మూసుకోని బానెట్

ప్రశ్న: నాది టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మలుపుల్లో బండి నిలకడగా ఉంటుందని ఆన్‌లైన్‌లో స్ట్రట్ టవర్ బ్రేస్ (ముందు షాక్ అబ్జార్బర్ల పైకొనలు బిగించి ఉండే రెండు టవర్లను కలిపే అడ్డ కడ్డీ) తెప్పించాను. కొనేటప్పుడు యాప్‌లో మోడల్ పేరు, తయారైన సంవత్సరం ఇస్తే ‘మీ కారుకు సరిపోతుంది’ అని ఆకుపచ్చ గుర్తు వచ్చింది. తీరా బిగించాక బానెట్‌ను రెండు చేతులతో అదిమితే గాని పడడం లేదు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు ముందువైపు టక్కుమని శబ్దం వస్తోంది. ఫోన్‌లోని కొలత యాప్ మాత్రం బ్రేస్‌కూ ఇంజన్ కవరుకూ మధ్య 18 మిల్లీమీటర్ల ఖాళీ చూపిస్తోంది. నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
— రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: సర్దుకోదు. గట్టి వస్తువు గట్టి వస్తువును తాకుతున్నప్పుడు ఏదో ఒకటి అరుగుతుంది, లేదా వంగుతుంది. దయచేసి ఈరోజే బ్రేస్ విప్పించండి, అంతవరకు బండిని హైవే మీదికి తీసుకువెళ్లకండి. బానెట్‌ను అదిమి మూయవలసి వస్తోందంటే బ్రేస్ దాన్ని కిందినుంచి పైకి నెడుతోందన్నమాట. అలాంటప్పుడు అసలు తాళం పూర్తిగా పడక, బానెట్ రెండో కొక్కెం మీద మాత్రమే నిలిచే ప్రమాదం ఉంటుంది. వేగం పెరిగాక గాలి ఒత్తిడికి ఆ కొక్కెం కూడా వదిలితే, బానెట్ లేచి ముందు అద్దాన్ని కప్పేస్తుంది. తాళం పూర్తిగా పడినా మరో చిక్కు ఉంది. బానెట్ రేకుకూ ఇంజన్‌కూ మధ్య వదిలే ఖాళీ వృథా స్థలం కాదు. పాదచారి తల బానెట్‌కు తగిలితే రేకు లోపలికి వంగి దెబ్బ తీవ్రతను తగ్గించాలి, మన దేశంలో పాదచారుల రక్షణకు ఉన్న ఏఐఎస్-100 ప్రమాణం పరీక్షించేది కూడా దీన్నే. ఆ ఖాళీలో మనం ఒక ఇనుప కడ్డీని తెచ్చి పెడుతున్నామని గుర్తుంచుకోవాలి.

కార్లు వేరు, ఊళ్లు వేరు అయినా ఇదే ఫిర్యాదు నాకు మళ్లీ మళ్లీ వస్తోంది, ప్రతి ఉత్తరంలోనూ ఆ ఆకుపచ్చ గుర్తు ప్రస్తావన ఉంటోంది. అందుకే దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. విడిభాగాలు అమ్మే యాప్‌లలో చాలావరకు ఆ గుర్తు వెనుక ఉన్నది మోడల్ పేరునూ సంవత్సరాన్నీ పోల్చి చూసే చిన్న పట్టిక మాత్రమే. ఒకే పేరుతో, ఒకే సంవత్సరంలో మామూలు పెట్రోల్, టర్బో పెట్రోల్, డీజిల్ ఇంజన్లు అమ్ముడవుతాయని ఆ పట్టికకు తెలియదు. టర్బో ఇంజన్‌కు గాలి గొట్టాలు ఎక్కువ, అవి తిరిగే దారులు వేరు, వేడి భాగాలు ఉండే చోట్లు వేరు. అంతకన్నా ముఖ్యం, స్టీరింగ్ ఏ పక్కన ఉందో కూడా అది అడగదు. ఎడమ స్టీరింగ్ ఉన్న దేశాల కోసం చేసిన బ్రేస్‌లో బ్రేక్ బూస్టర్‌కు, బ్రేక్ ఆయిల్ డబ్బాకు చోటిచ్చే వంపు ఎడమవైపు ఉంటుంది. మన బండ్లలో అవి సాధారణంగా డ్రైవర్ ముందు, అంటే కుడివైపు ఉంటాయి. ఆ బ్రేస్‌ను తెచ్చి ఇక్కడ బిగిస్తే దాని తిన్నని భాగం సరిగ్గా బ్రేక్ ఆయిల్ డబ్బా మీదికి వస్తుంది. ఇంజన్ రకం, స్టీరింగ్ వైపు, టవర్ మీద బోల్టుల మధ్య దూరం, కడ్డీ అడుగు అంచు టవర్ పైతలం నుంచి ఎక్కడ ఎంత ఎత్తులో ఉంటుందో చూపే బొమ్మ: ఈ నాలుగు వివరాలు అమ్మకందారు దగ్గర ఉండవలసినవే. వాటిని పేజీలో పెట్టకుండా ‘సరిపోతుంది’ అని హామీ ఇవ్వడం నా దృష్టిలో నిర్లక్ష్యం. ఫోన్ కవరు సరిపోకపోతే వెనక్కి పంపవచ్చు, ఇది బ్రేకుల పక్కన బిగించే వస్తువు.

ఇక మీ ఫోన్ చూపించిన 18 మిల్లీమీటర్లను లెక్కలోకి తీసుకోకండి. ఆ కొలత యాప్‌లు కెమెరా దృశ్యాన్నీ ఫోన్ కదలికనూ కలిపి దూరాన్ని అంచనా వేస్తాయి. గదిలో సోఫా పడుతుందో లేదో చూసుకోవడానికి అవి చాలు. నల్లటి ప్లాస్టిక్, మెరిసే లోహం, చీకటి మూలలు ఉండే ఇంజన్ బేలో సెంటీమీటరు తేడా రావడం వింత కాదు. పైగా మీరు కొలిచింది ఆగి ఉన్న ఇంజన్‌ను. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. అడ్డంగా అమర్చిన ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకవైపుకు, వదిలినప్పుడు రెండో వైపుకు ఊగుతుంది, ఆ ఊగులాట పైభాగంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. మౌంట్లు పాతబడేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర మీరు వింటున్న శబ్దం ఇంజన్ కవరు బ్రేస్‌కు తగలడమే కావచ్చు, టవర్ మీద నట్లు వదులుగా ఉండడం కూడా కావచ్చు, రెండూ చూడాలి.

సరైన బ్రేస్ దొరికాక ఎడం చూసుకునే పద్ధతికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. చపాతీ పిండిని గట్టిగా కలిపి, చిన్న ముద్దలను పలుచని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బ్రేస్ మీద ఎత్తైన చోట్ల పెట్టి, బానెట్‌ను మామూలుగా వదిలి మూయండి. తెరిచి చూస్తే ముద్ద ఎంత మందం మిగిలిందో అంతే మీ నిజమైన ఖాళీ, స్కేలుతో కొలుచుకోవచ్చు. ఇంజన్ కదలిక తెలుసుకోవడానికి మాత్రం ఫోన్ బాగా పనికొస్తుంది. దాన్ని పక్కన స్టాండు మీద నిలిపి స్లో మోషన్‌లో వీడియో తీయండి. అనుభవం ఉన్న వ్యక్తి సీట్లో కూర్చుని, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ పెడల్ గట్టిగా తొక్కి ఉంచి, ఆటోమేటిక్ అయితే గేరును డీ (డ్రైవ్) నుంచి ఆర్ (రివర్స్)కు, ఆర్ నుంచి డీకి మార్చాలి. ఆ సమయంలో బండికి ముందుగానీ వెనుకగానీ ఎవరూ నిలబడకూడదు. నేను పాటించే లెక్క ఇది: కదలని భాగాలకు కనీసం 10 మిల్లీమీటర్లు, ఇంజన్‌తో పాటు కదిలే ప్రతిదానికీ 25, టర్బో, ఎగ్జాస్ట్ వంటి వేడి భాగాలకు 50. వైరింగ్ కట్టలు, ఇంధన గొట్టాలు బ్రేస్‌ను అసలు తాకకూడదు, రోజూ కొద్దికొద్దిగా రాసుకుంటూ పైతొడుగు ఎప్పుడు తెగిందో మీకు తెలియదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది బ్యాటరీ. బ్రేస్‌ను టవర్లకు బిగిస్తాం, టవర్లు బాడీలో భాగం, బ్యాటరీ నెగటివ్ తీగ కలిసేది బాడీకే. అంటే ఇంజన్ బేకు అడ్డంగా మీరు పెడుతున్నది బ్యాటరీ నెగటివ్ కొనకు పొడిగింపు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ దానికి తగిలితే ఒక్క క్షణంలో వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. స్టార్టర్‌కు వెళ్లే లావు తీగకు చాలా బండ్లలో ఫ్యూజు ఉండదు కాబట్టి ఆ కరెంటును ఆపేది ఏదీ లేదు. తొడుగులు కరుగుతాయి, మంట లేస్తుంది. కడ్డీకి రంగు పూత ఉంది కదా అనుకోకండి, పూత గీసుకుపోవడానికి ఒక్క కుదుపు చాలు. మన దగ్గర ఈ ప్రమాదాన్ని పెంచే అలవాట్లు రెండున్నాయి. బ్యాటరీ మార్చినప్పుడు ప్లస్ టెర్మినల్ మీది ఎర్ర రబ్బరు టోపీని పారేస్తారు, బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపును వదులుగా వదిలేస్తారు. గతుకుల రోడ్డు మీద వదులు బ్యాటరీ ఎగిరితే ఈరోజు కొలిచిన ఎడం ఎందుకూ పనికిరాదు. మూడు, నాలుగేళ్లకు బ్యాటరీ మార్చినప్పుడు కొత్తది ఒక సెంటీమీటరు ఎత్తు ఎక్కువగా వచ్చినా అంతే. కాబట్టి టోపీ ఉండాలి, క్లాంపు బిగువుగా ఉండాలి, ప్లస్ టెర్మినల్‌కు నేరుగా పైన కడ్డీ రాకూడదు. బిగించే ముందు నెగటివ్ తీగను విప్పి పక్కకు పెట్టాలి, లేకపోతే చేతిలోని స్పానరే ఆ ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది.

ప్రశ్న: టవర్ మీద చుట్టూ మూడు నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు ఉన్నాయి. బ్రేస్ పలక కూర్చోవాలంటే మధ్య నట్టు కూడా విప్పాలని ఒక వీడియోలో చూశాను. విప్పవచ్చా?
— హైదరాబాద్ పాఠకుడు

జవాబు: వద్దు. ఆ వీడియో తీసినవారు దాన్ని తొలగించాలని కోరుకుంటున్నాను. మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు ఒకటిగా ఉండే అమరికలో) షాక్ అబ్జార్బర్ కడ్డీని పై మౌంటుకు పట్టి ఉంచేది, నొక్కుకుపోయి ఉన్న స్ప్రింగును అదుపులో ఉంచేది ఆ మధ్య నట్టే. అది వదిలాక బండిని జాకీ మీద లేపితే స్ప్రింగు తన బలమంతటితో విచ్చుకుంటుంది. ఎదురుగా ఉన్నవారి చేతులు, ముఖం గాయపడతాయి. బ్రేస్‌కు కావలసింది చుట్టూ ఉన్న నట్లు మాత్రమే. నాలుగు చక్రాలూ సమతలమైన నేల మీద ఉండగా వాటిని విప్పి, పలకను కూర్చోబెట్టి, తిరిగి బిగించాలి. పలక మందం వల్ల బోల్టు పొట్టిదై, నట్టు పైన కనీసం రెండు చుట్ల మర కనిపించకపోతే ఆ బ్రేస్ మీ బండికి పనికిరాదు. నైలాన్ వలయం ఉన్న నట్లను మళ్లీ వాడకుండా కొత్తవి వేయాలి. ఎంత బిగించాలన్నది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. బిగువును కొలిచే టార్క్ రెంచి లేకుండా ‘చేతి బిగువు’ మీద ఆధారపడితే ఆ బోల్టులు తెగవచ్చు. పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంట్ చూపించండి. అప్పుడు స్టీరింగ్‌ను సరిచేయవలసి వస్తే, బండి జారకుండా చూసే స్థిరత్వ నియంత్రణ ఉన్న బండ్లలో స్టీరింగ్ కోణం సెన్సర్‌ను కూడా స్కానర్‌తో సున్నాకు తేవలసి రావచ్చు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగితే ముందుగా అనుమానించవలసింది దాన్నే.

ప్రశ్న: నా బండిలో టవర్లు వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ పలక అడుగున ఉన్నాయి. పలకను కోసి, టవర్‌కు రంధ్రాలు వేసి బ్రేస్ బిగిస్తామని ఒక షెడ్డువారు అంటున్నారు.
— విశాఖపట్నం పాఠకుడు

జవాబు: ఒప్పుకోకండి. అద్దం మీది వాన నీటిని పక్కలకు మళ్లించేది ఆ పలకే. దాన్ని కోస్తే నీరు ఇంజన్ వెనుక ఉన్న కనెక్టర్ల మీద పడుతుంది, ఏసీ గాలి తీసుకునే దారిలోకి కూడా చేరవచ్చు. అక్కడే వైపర్ల చేతులను తిప్పే కడ్డీలు కదులుతుంటాయి. టవర్‌కు రంధ్రం వేస్తే బాడీ బలం తగ్గుతుంది, ఆ అంచు నుంచే తుప్పు మొదలవుతుంది. అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టంలోని 182ఏ(4) సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. 2019 సవరణతో వచ్చిన నిబంధన ఇది. కోతలతో, రంధ్రాలతో బండి స్వరూపాన్ని మార్చే ముందు దీన్ని, బీమా ఒప్పందాన్ని కూడా చదవండి.

మీ బండిలో టవర్లు అంత వెనుకగా, ఇంజన్ వెనుక గోడకు ఆనుకుని ఉన్నాయంటే ఆ గోడే వాటిని చాలావరకు కలిపి ఉంచుతోంది, బ్రేస్ అదనంగా చేసేది తక్కువ. ముందుగా టైర్లలో గాలి సరిచూసి, షాక్ అబ్జార్బర్లు, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు, స్ట్రట్ పై మౌంట్లు పరీక్షించండి. అప్పటికీ మలుపుల్లో బండి వదులుగా అనిపిస్తే మళ్లీ రాయండి. టైర్ల సైజు ఎంతో, అవి ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో కూడా తెలియజేయండి.