బోదకాలు ఉన్నవారిని తాకితే ఆ జబ్బు అంటుకుంటుందా?

అంటుకోదు, బోదకాలు దోమ ద్వారానే వస్తుంది, అదీ నెలల తరబడి చాలాసార్లు కుడితేనే.

ఈ జబ్బు తెచ్చేది ఫైలేరియా పురుగు. అది సోకినవారి రక్తంలో దాని పిల్లలు ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతాయి. (ఆరోగ్య సిబ్బంది చీకటి పడ్డాక వచ్చి వేలి కొసన రక్తపు చుక్క తీసేది అందుకే.) క్యూలెక్స్ దోమ వాటిని పీల్చుకున్నాక, దాని ఒంట్లో 10 రోజులకు పైగా ఎదిగితే తప్ప అవి మరొకరికి సోకలేవు. సోకిన పురుగులు చేరేది శోషరస నాళాల్లోకి. రోగాలతో పోరాడే కణాలు నడిచే దారులే అవి! అక్కడే ఉండి మన రక్షణ వ్యవస్థను మందగింపజేస్తూ ఏళ్లపాటు బతుకుతాయి. నాళాలు పాడై, నీరు దిగక కాలు ఉబ్బుతుంది.

గోదావరి డెల్టాలో ఒక వీధిని ఊహించండి. ఇళ్ల వెనక కదలని మురుగు కాలువ, నల్లటి నీటిలో తలకిందులుగా వేలాడే దోమ పిల్లలు. ఆ వీధిలో అందరూ దూరం పెట్టే బోదకాలు మనిషి రక్తంలో తరచుగా పురుగు పిల్లలు కనిపించవు. ఏ వాపూ లేని పొరుగువారి రక్తంలో ఉండవచ్చు. అందుకే ‘నాకు వాపు లేదు, మాత్రలెందుకు’ అనుకోవడం పెద్ద పొరపాటు. ఫైలేరియా నివారణకు ఏటా పంచే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ముఖ్యంగా పైకి ఆరోగ్యంగా కనిపించేవారి కోసమే.