తేరు కదిలే పూట వద్దు, తేరు కట్టే పూట పోండి

చిరంజీవులిద్దరికీ పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న కోడలుపిల్ల అడిగినదానికి ఫోన్లోనే జవాబు చెప్తే సగం మర్చిపోతారని కూర్చొని రాస్తున్నా. విశాఖ నుంచి కడపకు బదిలీ అయి వచ్చినాక ఇంకా ఏమీ చూడలేదు, ఈ ఎండాకాలం ముదిరేలోపల బుడ్డోన్ని ఎత్తుకొని ఆదివారాలు తిరగాలనుంది అంది. మంచి మాటే. మీరు పంపిన పట్టీ కూడా చూసినా. ఉగాదికి దేవుని కడప, కదిరి తేరు, ఒంటిమిట్ట కల్యాణం, గండికోట, బెలుం గుహలు, లేపాక్షి. ఒక్కటి తప్ప అన్నీ పోదగినవే. చిక్కల్లా ఏందంటే, మీరు రాసుకున్న రోజులన్నీ ఊరంతా పోయే రోజులు. రెండేండ్ల పిల్లోడున్న ఇంటికి ఆ లెక్క కుదరదు. పండగ ముందురోజు పోవాల, లేదా మరుసటిరోజు పోవాల. అదీ కుదరకపోతే తెల్లారేసరికి పోయి, జనం వచ్చేలోపల తిరుగుదారి పట్టాల.

అంగన్‌వాడీలో పిల్లల మధ్యనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి ఒక పని చెప్తా, చేసి చూడండి. ఏదైనా తిరునాలలో ఒక్కసారి గొంతుక్కూర్చొని చుట్టూ చూడండి. కాళ్లు, కుచ్చిళ్లు, చేతిసంచులు, ఎవరో వేలాడదీసుకున్న టెంకాయల కవరు. బుడ్డోనికి కనపడే తిరునాల అంతే. భుజానికెత్తుకుంటే కనపడుతుంది కదా అంటావేమో రా అబ్బాయ్, ఎంతసేపు ఎత్తుకుంటావు? ఎత్తుకున్నా వానికి డప్పుల మోత నేరుగా చెవుల్లోనే.

కదిరి సంగతే తీసుకో. లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో, అంటే మార్చి ప్రాంతంలో జరుగుతాయి. తేరు రోజు చుట్టుపక్కల జిల్లాల నుంచీ కర్ణాటక నుంచీ జనం దిగిపోతారు. తేరు మీద దవనం, మిరియాలు చల్లడం అక్కడి మొక్కు. చల్లే చేతులు వందలుంటే ఆ మిరియాలు తేరు మీదే పడతాయని ఏముంది? పిల్లోని కంట్లో పడితే మీ పండగ అక్కడికి సరి. అదే తేరు కట్టే రోజుల్లో పోండి. చెక్క చక్రాలు వానికంటే ఎంతో ఎత్తుంటాయి, దగ్గరికి పోయి చేత్తో తడిమి చూస్తాడు. తాళ్లు పేనేవాళ్లు, పైకెక్కి గుడ్డలు, తోరణాలు కట్టేవాళ్లు, కింద నుంచి అరిచి చెప్పేవాళ్లు, అదంతా పిల్లోనికి గంటసేపటి సినిమా. స్వామి దర్శనమూ తొందరగా అయిపోతుంది. దారిలో పులివెందుల దగ్గర ఆగి ఏదన్నా తినిపిస్తే నిద్రపోతూ చేరుతాడు.

ఒంటిమిట్ట కడపకు దగ్గర, తిరుపతి దోవలో పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అందుకే జనమంతా కల్యాణానికే పోవాలనుకుంటారు. అక్కడ రాములవారి కల్యాణం నవమి నాడు కాదు, చతుర్దశి రాత్రి, వెన్నెల్లో. 2025లో నవమి ఏప్రిల్ 6న వస్తే కల్యాణం 11న జరిగింది. రాష్ట్రం విడిపోయినాక ప్రభుత్వ లాంఛనాలన్నీ అక్కడికే రావడంతో మంత్రులు, బందోబస్తు, బారికేడ్లు, ఎక్కడో దూరంగా బండి ఆపి నడక. ఎనిమిదింటికి నిద్రపోయే పిల్లోన్ని అంతమంది మధ్య రాత్రిదాకా కూర్చోబెట్టడం దేనికి? టీవీలో చూడండి, ఆ పూట టీవీలోనే బాగా కనపడుతుంది. నవమి నాడు ధ్వజారోహణం అయిన తర్వాత కల్యాణందాకా పొద్దున అలంకారంతో ఊరేగింపు, రాత్రి వాహనసేవ ఉంటాయి. పనిరోజు పొద్దున్నే ఒక ఊరేగింపుకు పోండి. స్వామికి ఏదో ఒక అలంకారం, దానికి తోడు మేళం, మాడవీధిలో పక్కన నిలబడి చూసేంత చోటు ఉంటుంది. తర్వాత లోపల రంగమంటపంలో కూర్చోండి. ముప్పైరెండు రాతి స్తంభాలు, నీడ, నున్నటి బండ. వాడు ఒక స్తంభం చాటున దాక్కోవడం, నువ్వు వెతకడం. స్తంభాల మీద యాళీల, అదే సింహం మొహం రాతిబొమ్మల నోళ్లల్లో వేలు పెడతాడు, పెట్టనీ. గర్భగుడిలో రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే రాతిలో ఉంటారు, పక్కన ఆంజనేయుడు ఉండడు. ఆయన గుడి ఎదురుగా విడిగా ఉంటుంది, అక్కడికీ తీసుకుపోండి. పిల్లలకు తోక ఉండే దేవుడే ముందు గుర్తుంటాడు.

ఉగాది మాత్రం ఆ రోజే పోవాల, దాన్ని ముందుకూ వెనక్కీ జరపలేం. దేవుని కడపలో ఉగాది పొద్దున తురకోళ్లు కుటుంబాలతో వచ్చి స్వామికి టెంకాయ, బెల్లం ఇచ్చి మొక్కుకొని పోతారు. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఆ లెక్కన వెంకటేశ్వరుడు మా ఇంటి అల్లుడు అంటారు. ఎప్పటినుంచో ఉండే రివాజు. కడపలో ఉండి అది చూడకపోవడం తప్పు. కోడలుపిల్ల చూసి తీరాల. కాకపోతే తలంటి, పచ్చడి, పంచాంగం అన్నీ ముగించి తొమ్మిదింటికి బయల్దేరితే వరుసలోనే ఎండ తగులుతుంది. చీకటితోనే లేచి ముందు గుడికి పోయి వచ్చేయండి, పచ్చడీ భక్ష్యాలూ తర్వాత. పచ్చడి వానికి చెంచాతో పోయవద్దు, వేలితో నాలిక్కి రాయండి. ఉమ్మేస్తే ఉమ్మేయనీ, మొహం ఎట్లా పెడతాడో ఫోటో తీసి నాకు పంపండి.

ఇప్పట్లో ఉగాదికి ఆనుకొనే రంజాన్ కూడా వస్తోంది. 2025లో మార్చి 30 ఉగాది, 31 రంజాన్. ఏటా పదీ పదకొండు రోజులు వెనక్కి పోతుంది కాబట్టి ఇంకొన్నేండ్లకు దూరమైపోతుంది. పక్కింటివాళ్లు పిలిస్తే తప్పకుండా పోండి. షీర్ ఖుర్మాలో జీడిపప్పు, పిస్తా ఏరేసి పాలు మాత్రం పట్టండి.

పప్పులంటే గుర్తొచ్చింది, ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. మన సీమ తిరునాలంటే బొరుగులు, బుడ్డలు (మీ వేరుశనగలే), బెండ్లు, బత్తాసులు. పెద్దోళ్లు ముద్దుకొద్దీ పిల్లోని చేతిలో గుప్పెడు బుడ్డలు పోస్తారు. నాలుగేండ్లు నిండేదాకా బుడ్డలు, శనగలు అట్లనే గుండుగా పెట్టకూడదు. నమిలే దవడపండ్లు సరిగా ఉండవు, నవ్వుతానో పరిగెత్తుతానో ఉన్నప్పుడు గొంతులోకి కాకుండా ఊపిరిగొట్టంలోకి పోతాయి. ఎవరు పెట్టినా మొహమాటం లేకుండా చెయ్యి అడ్డం పెట్టండి. రబ్బరు బుడగలూ అంతే, పగిలిన ముక్క నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. నవమి వడపప్పు నలిపి పెట్టండి. పానకం ఇంటిదే సీసాలో పోసుకొని పోండి, దోవలో పంచేదాంట్లో ఐసు ఎక్కడి నీళ్లదో చెప్పలేం.

ఇక ఎండ. విశాఖ ఎండకూ కడప ఎండకూ తేడా ఉందమ్మా కోడలా. అక్కడ చెమట కారుతుంటే నీకే తెలుస్తుంది, పిల్లోనికి నీళ్లు తాపాలని. ఇక్కడ పొడిగాలి, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కదా అని ఊరకుంటావు, లోపల నీళ్లు పోతానే ఉంటాయి. అందుకే దప్పికని వాడు అడిగేదాకా చూడొద్దు. పావుగంటకోసారి రెండు గుక్కలు. పలచటి మజ్జిగ, చీనీకాయ (బత్తాయి) రసం, రాగి జావ ఏదైనా సరే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సంచిలో ఉంచుకోండి, దాని మీద ఎన్ని నీళ్లు అని రాసుంటే అన్నే కొలిచి కలపాల, తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే చేటు. అంగట్లో డబ్బాల్లో వచ్చే తియ్యటి రసాలు ఓఆర్‌ఎస్ కాదు. అసలుది కానిదానికి ఆ పేరు పెట్టగూడదని తిండి పదార్థాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆర్డరు కూడా వేసింది. ఆరుగంటలుగా ఒంటికి పోకపోయినా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా, లేపినా మబ్బుగా పడుకున్నా ఇక గుడీ లేదు గోపురం లేదు, నేరుగా ఆసుపత్రికి.

మార్చి సగం దాటినాక పదకొండుకల్లా ఇంట్లో ఉండాల, మళ్లీ ఐదు దాటినాకే గడప దాటాల. గుడి బండలు తొమ్మిదిన్నరకే కాలడం మొదలు. చెప్పులు బయట వదిలిపెట్టేటప్పుడు వాని కాళ్లకు మందపాటి నూలు సాక్సులు తొడగండి, ఎవరూ ఏమనరు. ఎవరన్నా అంటే మీరే పిల్లోన్ని ఎత్తుకోండి అని ఇచ్చేయండి.

స్కూటరు మీద ఇద్దరి మధ్యన ఇరికించుకొని పోతున్నారని మీ పెదనాయన చెప్పినాడు. నాకు నచ్చలేదు. 2023 ఫిబ్రవరి నుంచి నాలుగేండ్ల లోపు పిల్లలకు బండి మీద నడిపేవానికి కట్టే బెల్టు ఉండాల, తొమ్మిది నెలలు దాటినవానికి హెల్మెట్టూ ఉండాల, బండి నలభై దాటకూడదు. చలానా సంగతి పక్కన పెట్టు, మధ్యలో కూర్చున్న పిల్లోడు నిద్రపోతే మెడ ఎటు వాలుతుందో చూసినావా? దేవుని కడపకు ఆటోలో పోండి. బయల్దేరే ముందు ఆ పొద్దు వేసిన గుడ్డలతో ఒక ఫోటో తీసిపెట్టుకోండి, జేబులో మీ నంబరు చీటీ పెట్టండి. తప్పిపోతే మైకులో "నీలం చొక్కానో పచ్చ చొక్కానో" అని తడుముకోకుండా ఉంటుంది.

ఎండ మొదలయ్యే ఈ రోజుల్లో ఆటలమ్మ కూడా తిరుగుతుంది. దాని టీకా సర్కారు ఉచితంగా వేసేవాటిలో లేదు, విడిగా వేయించాల. మీ పిల్లల డాక్టరును అడగండి.

మీ పట్టీలో కొట్టేయాల్సింది బెలుం గుహలు. మూడు కిలోమీటర్ల పైన పొడవుండే గుహలు, దేశంలో పెద్దవాటిల్లో ఒకటి, నేను కాదనను. కానీ లోపల మెట్లు, వంగి పోవాల్సిన చోట్లు, ఉక్క. వాన్ని ఎత్తుకొని వంగడం నీ వల్ల కాదు, దింపితే వాడు నడవడు. ఐదేండ్లు వచ్చినాక పోదురు.

లేపాక్షి దూరమే, పొద్దున పోయి రాత్రికి వద్దామనుకోవద్దు. హిందూపురంలో ఒక రాత్రి ఉండండి. ఒకే రాతిలో చెక్కిన నంది గుడికి కొంచెం ముందే, తోటలో ఉంటుంది, పొద్దు పొడిచేటప్పుడు పోతే దాని చుట్టూ మీరే ఉంటారు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చే వరుసలో నిలబడొద్దు, దాంతో పిల్లోనికేం పని. దానికి బదులు చిలమత్తూరు మండలంలో వీరాపురం పోండి. అక్కడ ఊరి చింతచెట్ల మీద కొంగలు గూళ్లు కడతాయి. జనవరి, ఫిబ్రవరిలో వచ్చి పిల్లల్ని పెంచుకొని వానాకాలానికి పోతాయి. సైబీరియా కొంగలని అందరూ అంటారుగానీ అవి మన దేశపువే, ఎర్రకాళ్ల కొంగలు. ఇండ్ల మీదే గూళ్లుంటే ఊరోళ్లు ఒక్క రాయి వేయరు, వాటిని కాపాడుకుంటారు. తలెత్తితే చాలు కనపడతాయి. పెద్దకొంగ నోట్లోంచి చిన్నకొంగకు చేప పెట్టేది చూస్తే మీవాడు అన్నం తినడానికి నోరు తెరిచినా తెరుస్తాడు.

అబ్బాయ్, నువ్వు చివర్లో చిన్నక్షరాలతో కైరుప్పల పిడకల సమరం అని రాసినావు, చూడలేదనుకోవద్దు. ఉగాది మరుసటి రోజు ఆస్పరి మండలంలో రెండు వర్గాలు పిడకలతో కొట్టుకునే ఆ వేడుకకు పిల్లోన్నీ పెండ్లాన్నీ తీసుకుపోతావా? నీకంత ఆశగా ఉంటే స్నేహితులతో పో, మిద్దె మీద నిలబడి చూసి రా.

గండికోట మిగిలింది. జమ్మలమడుగు నుంచి దగ్గరే. లోపల మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యపు కొట్టం, వాటి మధ్య ఖాళీ జాగా పిల్లోడు పరిగెత్తడానికి పుట్టినట్టుంటుంది. పెన్న లోయ అంచు మాత్రం వేరే సంగతి. అక్కడ అడ్డం గోడ లేదు, రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, మధ్యలో సందులు. రెండేండ్ల పిల్లోన్ని చంకనెత్తుకొని కూడా ఆ రాళ్ల మీదికి పోవద్దు. ఒకరు చూసి వచ్చేదాకా ఇంకొకరు వాన్ని గుడి దగ్గర పట్టుకోవాల. అప్పుడు మీరిద్దరూ కలిసి చూసే వీలుండదు, అందుకే దానికి నేనూ వస్తా. ప్రొద్దుటూరులో పొద్దున ఆరింటికి నన్ను ఎక్కించుకోండి. బస్టాండు దాకా నడిచి వస్తా, ఇంటిదాకా రానక్కరలేదు. బొరుగులతో ఉగ్గాని చేసి డబ్బాలో పెట్టుకొస్తా, బజ్జీలు అక్కడే కొందాం. వాన్ని నాకు ఇచ్చి మీరు ఎంతసేపైనా చూసుకోండి. ఏ ఆదివారమో గురువారంలోపల చెప్పండి, శనివారం రాత్రి బొరుగులు తెప్పించుకోవాల.

మీ పెద్దమ్మ