డిమెన్షియా ఉన్న పెద్దవారిని పగటి సంరక్షణ కేంద్రానికి పంపవచ్చా?

హనుమకొండలో ఉద్యోగం చేస్తూ డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్న అత్తమ్మను చూసుకుంటున్నాననీ, ఆమెను పగటిపూట కేంద్రంలో ఉంచితే వదిలించుకున్నట్టవుతుందేమోననీ మీరు రాశారు. మా బాపును (నాన్నను) పదకొండు నెలలు అలా పంపిన అనుభవంతో చెబుతున్నాను, అది వదిలించుకోవడం కాదు.

బాపు వరంగల్ ఆజంజాహి మిల్లు కార్మికుడు. మిల్లు 2002లోనే మూతపడినా, జబ్బు ముదిరాక ఆయన లెక్కలో అది నడుస్తూనే ఉండేది. పొద్దు వాలితే చాలు, షిఫ్టుకు ఆలస్యమవుతోందని టిఫిన్ డబ్బా పట్టుకుని గడప దాటేవారు. మిల్లు లేదని మేము చెప్పినప్పుడల్లా ఆ కబురు అప్పుడే విన్నట్టు కుంగిపోయేవారు. రాత్రుళ్లు ఆయనా పడుకోలేదు, అవ్వనూ (అమ్మనూ) పడుకోనివ్వలేదు.

మొదట చేర్చిన చోట పొద్దంతా టీవీ ముందు కూర్చోబెట్టేవారు, అందుకే తొమ్మిది రోజులకే మాన్పించాము. రెండో కేంద్రంలోనూ రెండు వారాలు గేటు దగ్గర ఏడ్చారు. మూడో వారం, ఆయన మిల్లులో పనిచేశారని తెలిసిన ఆయా నూలు తెచ్చి కండెలు చుట్టమని ఇచ్చింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "డ్యూటీ అయింది" అని చెప్పి, అన్నం తిని పడుకున్నారు.

జ్ఞాపకశక్తి తిరిగి రాలేదు, జబ్బూ ఆగలేదు, ఏ కేంద్రమూ దాన్ని ఆపలేదు. అయితే పగలు వెలుతురులో నలుగురితో కలిసి తిరగడం, మధ్యాహ్నం అతిగా నిద్రపోకపోవడం వల్ల రాత్రి నిద్ర కుదిరింది, సాయంత్రపు అలజడి తగ్గింది. బీపీ పెరిగి నీరసించిన అవ్వకు పగలు కొన్ని గంటల విశ్రాంతి దొరకడం కూడా నా దృష్టిలో అంతే ముఖ్యం.

చేర్చే ముందు విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించి, వినికిడి కూడా చూపించండి, ఎందుకంటే వీటిలో లోపాలుంటే మతిమరుపు ఎక్కువగా కనబడుతుంది, వాటికి చికిత్స ఉంది. ఉన్నట్టుండి అయోమయం పెరిగితే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవారిలో అలాగే అవుతుంది. చెప్పకుండా మధ్యాహ్నం వెళ్లినా లోపలికి రానిచ్చే కేంద్రాన్నే ఎంచుకోండి. దగ్గరలోని సేవల సమాచారం కోసం వయోవృద్ధుల ఉచిత సహాయ సంఖ్య 14567కు ఫోన్ చేయవచ్చు.

అత్తమ్మ వయసులో ఉన్నప్పుడు ఏ పనులు చేసేవారో, ఆమెను ఇంట్లో ఏమని పిలిచేవారో కాగితం మీద రాసి మొదటి రోజే ఆయా చేతికి ఇవ్వండి. మేము ఆ సంగతులు మూడో వారం దాకా చెప్పలేదు, ఆ ఆలస్యానికి బాపు రెండు వారాలు ఏడవవలసి వచ్చింది.