మామ్మ కథ చూసి హాలంతా నవ్వింది

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. మాది అనకాపల్లి. హైదరాబాద్‌లో విజువల్ కమ్యూనికేషన్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా మామ్మ జీవితంలో జరిగిన సంఘటన మీద ప్రాజెక్టు కోసం 14 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను. చిన్న కొడుకు పోయాడన్న కబురు వచ్చేసరికి మామ్మ బెల్లం పెనం దగ్గర ఉంది. పాకం దించేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. దించాకే కూలబడి ఏడ్చింది. మామ్మ పాత్ర మా మేనత్త వేసింది. కాలేజీలో షో వేస్తే, కబురు విన్నాక కూడా ఆవిడ తెడ్డు తిప్పుతున్న చోట నవ్వులు మొదలయ్యాయి. ఏడ్చే సీన్‌కి హాలంతా నవ్వింది. షో కోసం ఊరి నుంచి వచ్చిన నాన్న మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. 'ఇందుకేనా నిన్ను ఇంత దూరం పంపింది, బీఈడీ చెయ్' అంటున్నారు. ఆ కోపంలో కెమెరా చేసిన ఫ్రెండ్‌ని టీమ్ అందరి ముందు 'నీ ఫ్రేముల వల్లే ఇలా అయింది' అన్నాను. అతను మాట్లాడటం మానేశాడు. చూసినవాళ్లు రాసిచ్చిన చీటీల్లో 'స్లోగా ఉంది', 'ఆవిడ ఓవర్ యాక్షన్', 'బీజీఎం ఎక్కువైంది', 'పాట ఉంటే బాగుండేది' అని ఉన్నాయి. ఒక జూనియర్ అమ్మాయి మాత్రం పాకం ఉడికే షాట్ చూసి ఏడ్చేసింది. నేను ఎవరి మాట వినాలి? 15 నిమిషాలు దాటకూడదన్నారని సినిమా మొదట్లో వచ్చే పాకం మాడిపోయే సీన్ కూడా తీసేశాను. అత్త హైదరాబాద్ రాలేకపోతే డబ్బింగ్ నేనే చెప్పాను. ఎలా వచ్చిందమ్మా అని అత్త రోజూ ఫోన్ చేస్తుంటే ఎత్తలేకపోతున్నాను. వచ్చే నెల ప్రాజెక్టుకు మార్కులు వేసే జ్యూరీ ముందు సినిమా చూపించాలి. ఫైలు తెరవాలంటేనే టెన్షన్. సరిగ్గా నిద్ర కూడా పట్టడం లేదు. (పేరు రాయవద్దు)

జవాబు: నవ్వుల గురించి మీరు చాలా రాశారు. రెండు విషయాలు మాత్రం ఒక్కో ముక్కలో చెప్పి దాటేశారు. పాకం మాడిపోయే సీన్ తీసేశానన్నారు. అత్త మాటలకు డబ్బింగ్ మీరే చెప్పానన్నారు. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ రెండు ముక్కల్లోనే ఉందని నాకు అనిపిస్తోంది.

ముందు పాకం సంగతి చూద్దాం. మీరు పుట్టి పెరిగింది అనకాపల్లిలో. రసం చిక్కబడి పాకం అదునుకొచ్చే ఆ కాసేపు పెనం వదిలి వెళ్లకూడదని మీకు ఒకరు చెప్పక్కర్లేదు. అదును దాటితే మాడుతుంది, నలుపెక్కుతుంది, మార్కెట్లో ధర పలకదు. ముందే దించేస్తే దిమ్మ గట్టిపడదు. ఎలా పాడైనా ఆ పెనానికి పట్టిన చెరకంతా, దాని వెనకున్న ఏడాది కష్టమంతా పోయినట్టే. అందుకే మామ్మ అంత దుఃఖాన్ని కడుపులో పెట్టుకుని తెడ్డు తిప్పింది. ఇది తెలిసినవాళ్లకు ఆ సీన్ చూస్తే గొంతు పట్టేస్తుంది. తెలియనివాళ్లకు ఏం కనిపిస్తుంది? కొడుకు పోయాడని విని కూడా ఏమీ పట్టనట్టు ఏదో కలుపుతూ నిలబడ్డ ఒక మనిషి. ఏమనుకోవాలో తోచక ఎవరో ఒకరు నవ్వి ఉంటారు. తోటి విద్యార్థులతో నిండిన చీకటి హాల్లో ఆ నవ్వు పక్కవాడికి అంటుకోవడానికి ఎంతసేపు? వాళ్లు మీ మామ్మ కష్టాన్ని చూసి నవ్వలేదమ్మా. ఆ కష్టం వాళ్లదాకా చేరనే లేదు.

చేరవేయాల్సిన సీన్‌ని నిడివి కోసం మీరే తీసేశారు. కథ మీకు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి ఆ సీన్ లేని లోటు ఎడిటింగ్‌లో మీకు కనిపించలేదు. సొంత ఇంటి కథ తీసేవాళ్లందరికీ ఎదురయ్యే ఇబ్బందే ఇది.

ఇక గొంతు సంగతి. తెర మీద నోరు కదుపుతున్నది పెద్దావిడ, వినిపిస్తున్నది ఇరవయ్యొక్కేళ్ల అమ్మాయి గొంతు. మాటలున్నంతసేపు జనం ఎలాగో సర్దుకుని ఉంటారు. బావురుమన్నప్పుడు మాత్రం సర్దుకోలేరు. ఏడుపులో వయసు దాగదు. ఏదో తేడాగా ఉందని అందరికీ తెలుస్తుంది, ఆ తేడా ఏమిటో చెప్పడం రాదు. దాంతో 'ఓవర్ యాక్షన్' అని రాసి మీ అత్త ఖాతాలో వేసేశారు. ఆవిడ నటన ఎలా ఉందో ఆ హాల్లో ఎవరికీ నిజంగా తెలిసి ఉండదు.

హాలీవుడ్‌లో వాల్టర్ మర్చ్ అని పేరున్న ఎడిటర్ ఉన్నారు. ప్రివ్యూ చూసినవాళ్ల అభిప్రాయాలను ఎలా తీసుకోవాలో ఆయన ఒక పోలికతో చెప్పారు. మోచెయ్యి నొప్పి అని వస్తే మంచి డాక్టరు వెంటనే మోచేతికి కత్తి పెట్టడు. నరం నొక్కుకుపోయింది భుజం దగ్గర కావచ్చు, నొప్పి తెలిసేది మోచేతిలో కావచ్చు. మీ సినిమాలో నవ్వులు వచ్చింది చివర్లో. నరం నొక్కుకుపోయింది మొదట్లో, ఆ సీన్ తీసేసిన చోట. చీటీలు చదివి ఏడుపు సీన్‌ని కత్తిరించడం మొదలుపెడితే ఉన్న ప్రాణం కూడా పోతుంది.

కాబట్టి ఎవరి మాట వినాలి అన్న మీ ప్రశ్నను కొంచెం మార్చుకోండి. ప్రతి చీటీలోనూ తమకు ఏమనిపించిందో కొంత రాస్తారు, ఏం చేసి ఉండాల్సిందో కొంత రాస్తారు. అనిపించింది ఎప్పుడూ నిజమే, దాంతో వాదించకండి. ఏం చేయాలన్నది మాత్రం సినిమా తీసినవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. పాట కావాలన్నవాళ్ల చీటీ నిశ్చింతగా పక్కన పెట్టేయండి. 'స్లోగా ఉంది' అన్నది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అలా రాసినవాళ్లలో ఇద్దరు ముగ్గురిని పట్టుకుని ఎక్కడ స్లో అనిపించిందో అడగండి. మామ్మ తెడ్డు తిప్పే చోటే అంటారని నా నమ్మకం. షాట్ పొడుగైతేనే స్లో అనిపిస్తుందనుకుంటాం గానీ, తెర మీద ఏం జరుగుతోందో అంతుపట్టకపోయినా అలాగే అనిపిస్తుంది. ఆ జూనియర్ అమ్మాయి ఏడ్చింది కూడా పాకం ఉడికే షాట్‌కే కదా! ఆమెకు అది పొడుగనిపించలేదు. ఆ షాట్‌లో ఒక్క సెకను కూడా తగ్గించవద్దని నా సలహా. బీజీఎం గురించి అన్నదాన్ని ఒకసారి సరిచూసుకోండి. డబ్బింగ్‌లో లోపం కప్పడానికి మ్యూజిక్ పెంచడం విద్యార్థుల సినిమాల్లో తరచూ జరిగేదే.

తీసేసిన సీన్‌లోంచి ముప్పై నలభై సెకన్లు తెచ్చి పెట్టండి. పనివాడు ఒక్క క్షణం పక్కకు చూడటం, పాకం మాడటం, మామ్మ అతన్ని కసరడం. అంత చాలు. ఇప్పుడున్నది 14 నిమిషాలే కాబట్టి నిడివితో పేచీ రాదు. ఆ తర్వాత కథ తెలియనివాళ్లను నలుగురైదుగురిని కూర్చోబెట్టి చూపించండి. సినిమా చదువుతున్నవాళ్లే అక్కర్లేదు. హాస్టల్ వార్డెన్, క్యాంటీన్ అక్క, ఇంజినీరింగ్ చదివే స్నేహితురాలు, ఇలాంటివాళ్లు ఇంకా మేలు. సినిమా ముందు ఒక్క ముక్క కూడా వివరించకండి. తెర వైపు కాకుండా వాళ్ల మొహాలు కనిపించేలా పక్కన కూర్చోండి. ఎవరు ఏ నిమిషంలో ఫోన్ తీశారో, ఎక్కడ ముందుకు వంగారో రాసుకోండి. ఇది కొత్త పద్ధతేమీ కాదు. హెరాల్డ్ లాయిడ్ 1920ల్లోనే తన కామెడీలను విడుదలకు ముందు మామూలు జనానికి వేసి, వాళ్లు నవ్విన చోట్లు, నవ్వని చోట్లు గమనించి మళ్లీ ఎడిట్ చేయించేవారు.

అయ్యాక 'బాగుందా?' అని అడగకండి. మొహమాటానికి బాగుందనే అంటారు. 'ఏం జరిగిందో కథలా చెప్పండి' అని అడిగి ఊరుకోండి. వాళ్ల కథకు, మీ కథకు ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మీకు పని ఉంది. అమెరికాలో లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు కళాకారుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. అందులో చూసినవాళ్లు ముందు తమను ఏది తాకిందో చెప్తారు. తర్వాత కళాకారులే తమకున్న సందేహాలు అడుగుతారు. ఆపైన చూసినవాళ్లు తీర్పులా వినిపించని ప్రశ్నలు వేస్తారు. సొంత అభిప్రాయం అన్నిటికంటే చివర, అదీ చెప్పమంటారా అని అడిగి మరీ చెప్పాలి. మీరున్న ఈ స్థితిలో ఆ వరస మీకు బాగా పనికొస్తుంది. మొదటే దెబ్బ తగిలితే తర్వాత చెప్పేది ఎంత మంచి మాటైనా చెవికెక్కదు.

మీ నాన్నగారి గురించి కొంచెం నిదానంగా ఆలోచించాలి. తెర మీద చనిపోయిన కబురు వచ్చింది ఎవరిది? ఆయన తోడబుట్టినవాడిది. ఏడుస్తున్నది ఆయన తల్లి, ఆ పాత్రలో ఉన్నది ఆయన సొంత తోబుట్టువు. చుట్టూ ముక్కూమొహం తెలియని పిల్లలు నవ్వుతున్నారు. ఏ మనిషి కూర్చోగలడు చెప్పండి? ఆయన బీఈడీ మాట ఎత్తింది ఆ బాధను వేరే ఎలా చెప్పాలో తెలియకే అయ్యుంటుంది. కెరీర్ మీద వాదన ఇప్పుడే పెట్టుకోవద్దు. ఊరెళ్లి, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, 'నాన్నా, బాబాయి సంగతికి అందరూ నవ్వుతుంటే నీకు ఎలా ఉంటుందో నేను ముందు ఆలోచించలేదు' అని ఒక్క మాట అనండి. తర్వాత ఆ రోజు ఏం జరిగిందో ఆయన్ని చెప్పమనండి. ఆ కథ మామ్మ వైపు నుంచే మీకు తెలుసు. కబురు తెచ్చింది ఎవరో, ఆ సమయానికి ఆయన ఎక్కడున్నారో ఎప్పుడైనా అడిగారా? చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయండి. బీఈడీ సంగతి జ్యూరీ అయ్యాక మాట్లాడదాం అని చెప్పండి, చెప్పినట్టే మాట్లాడండి కూడా. ఆ గడువు ఆయనకూ అవసరమే.

అదే ప్రయాణంలో అత్త పని కూడా చూసుకోండి. ఆవిడ ఫోన్ ఎత్తకుండా ఉండటం ఆపేయాలి. చుట్టాల ద్వారానో మీ నాన్నగారి ద్వారానో తెలిస్తే ఆవిడ ఇంకా ఎక్కువ నొచ్చుకుంటారు. 'అత్తా, నీ గొంతు పెట్టకుండా నేను తప్పు చేశాను, జనానికి సరిగ్గా ఎక్కలేదు, నువ్వే చెప్పాలి' అనండి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఓవర్ యాక్షన్ అన్న చీటీలు మాత్రం ఆవిడకు చూపించాల్సిన పని లేదు. డబ్బింగ్‌కి స్టూడియో అక్కర్లేదు. బట్టలు, పరుపులు ఉన్న చిన్న గది చూసుకుని ఫ్యాన్ ఆపేయండి, కిటికీకి బొంత కట్టండి. సీన్ ఫోన్‌లో వేసి ఇయర్‌ఫోన్ ఒక చెవికి పెట్టండి. రికార్డ్ చేసే ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచి ఒక్కో డైలాగ్ విడివిడిగా చెప్పించండి. ఏడుపు అన్నిటికంటే ఆఖరున పెట్టుకోండి, ఒక్కసారి కంటే ఎక్కువ అడగకండి. ఆవిడ ఏడవాల్సింది సొంత తమ్ముడి కోసమో అన్న కోసమో అన్నది మర్చిపోవద్దు. ఆవిడ వద్దంటే ఆ చోట ఏడుపు శబ్దమే లేకుండా పొయ్యి చప్పుడు మాత్రమే ఉంచి చూడండి. అది కూడా బాగుండొచ్చు. సంక్రాంతి రోజుల్లో వెళ్తే గానుగలు ఆడుతూనే ఉంటాయి. పొయ్యి మంట, పాకం ఉడుకు, గానుగ మోటారు, వీటిని ఒక్కో నిమిషం విడిగా రికార్డ్ చేసుకుని తెచ్చుకోండి.

మీ ఫ్రెండ్ విషయంలో నేను సర్దిచెప్పేది ఏమీ లేదు. మాట తూలారు. నవ్వులు రావడానికి అతని ఫ్రేములు కారణం కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ అమ్మాయిని ఏడిపించిన షాట్ తీసింది అతనే. మెసేజ్ పెట్టకుండా ఎదురుగా వెళ్లి సారీ చెప్పండి. అందరి ముందు అన్నారు కాబట్టి, తప్పు అతనిది కాదన్న మాట కూడా అందరి ముందే చెప్పాలి. 'సారీ, కానీ నేను టెన్షన్‌లో ఉన్నాను' అని మాత్రం అనకండి. 'కానీ' తర్వాత వచ్చే ప్రతి మాటా సారీని వెనక్కి లాగేస్తుంది. అతను వెంటనే మామూలు అవ్వకపోతే కొన్నాళ్లు ఆగండి.

నిద్ర గురించి చివర్లో ఒక్క మాటలో రాశారు. నాకు అన్నిటికంటే కంగారు అదే. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే, తిండి సయించకపోతే, ఎందుకు బతకాలి అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, జ్యూరీ అయ్యేదాకా ఆగకండి. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 ఉంది. రోజులో ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. కాలేజీలో కౌన్సెలర్ ఉంటే వాళ్ల దగ్గరికైనా వెళ్లండి.

ఇక జ్యూరీ. అక్కడికి పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ తీసుకెళ్లండి. నవ్విన సంగతి దాచకండి. ఎక్కడ నవ్వారు, ఎందుకు నవ్వారని మీరు తేల్చుకున్నారు, దేన్ని మార్చారు అన్నది వరసగా చెప్పండి. పాకం షాట్ ఎందుకంత పొడుగు అని ఎవరో ఒకరు అడుగుతారు. చాలామంది స్లో అన్నా ఆలోచించే ఉంచుకున్నానని చెప్పి, ఎందుకో చెప్పండి.