అయోవాలో ఓడితే వికెట్ పడినట్టు కాదు

ప్రశ్న: అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. భోజనాల బల్ల దగ్గర సహోద్యోగులు ప్రైమరీ ఎన్నికల గురించి బేస్‌బాల్ భాషలో మాట్లాడుకుంటారు. ఫలానా అభ్యర్థికి రెండు స్ట్రైకులు పడ్డాయంటారు, ఆట ఇంకా మూడో ఇన్నింగ్సులోనే ఉందంటారు. క్రికెట్ తప్ప మరో ఆట తెలియని నేను అందరితో పాటు నవ్వి ఊరుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: 2008లో న్యూజెర్సీలో నేనూ అలాగే నవ్వాను. నవ్వితే ఎవరూ ఏమీ అనుకోరు, భయపడకండి. స్ట్రైక్ అంటే బ్యాటర్ కొట్టలేకపోయిన లేదా వదిలేసిన మంచి బంతి, మూడు పడితే ఔట్. మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్సులు, కాబట్టి మూడోదంటే ఆట ఇంకా మొదట్లోనే ఉందని.

ముందుగా ప్రైమరీ సంగతి. మన దగ్గర బీ ఫారం ఎవరికివ్వాలో పార్టీ అధిష్ఠానం తేలుస్తుంది. ఇక్కడ ఆ పని ఓటర్లది, అదీ ఒకే రోజున కాదు. నెలల తరబడి, రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో జరుగుతుంది. ఓట్లను బట్టి అభ్యర్థులకు డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభకు వెళ్ళే ప్రతినిధులు దక్కుతారు. వారిలో సగానికి మించి కూడగట్టుకున్నవారిదే టికెట్.

మనల్ని తికమక పెట్టేది మన క్రికెట్ బుద్ధే. క్రికెట్‌లో ఔటైనవాడు ప్యాడ్లు విప్పుకుని కూర్చోవలసిందే. బేస్‌బాల్‌లో ఔటైన బ్యాటర్ తన వంతు రాగానే మళ్ళీ వస్తాడు. ఒక్క మ్యాచ్‌లోనే నాలుగైదుసార్లు వస్తాడు. పది ప్రయత్నాల్లో మూడు హిట్లు కొట్టేవాణ్ణి ఇక్కడ గొప్ప బ్యాటర్ అంటారు. ఆ లెక్క ఒంటబట్టించుకుంటే ప్రైమరీ సగం అర్థమైనట్టే. 2020లో జో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో అయిదో స్థానం, నెవాడాలో రెండో స్థానం తెచ్చుకున్నారు. మనవాళ్ళు చాలామంది ఆయన పని అయిపోయిందన్నారు, వారిలో నేనూ ఉన్నాను. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినా గెలిచారు. మూడు రోజుల తర్వాత, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూస్‌డే నాడు, 14 రాష్ట్రాల్లో 10 ఆయనవే. అప్పుడు బోస్టన్ వాళ్ళకు 2004 గుర్తొచ్చి ఉంటుంది. ఆ ఏడు వాళ్ళ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్, న్యూయార్క్ జట్టు యాంకీస్ చేతిలో వరుసగా మూడు మ్యాచ్‌లు, మూడోది మరీ 19-8 తేడాతో ఓడి, తర్వాతి నాలుగూ గెలిచి సిరీస్ పట్టుకుపోయింది.

పోలిక అక్కడితో ఆగుతుంది. సౌత్ కరోలినా తర్వాత పీట్ బుటిజెజ్, ఎమీ క్లోబుషర్ పోటీ నుంచి తప్పుకొని బైడెన్ పక్షాన చేరారు. సిరీస్ మధ్యలో ఎదుటి జట్టువాళ్ళు మన జట్టు చొక్కా తొడుక్కునే ఆట నేనైతే చూడలేదు. ఓడిన అభ్యర్థిని ఇంటికి పంపేది కూడా చాలాసార్లు అంపైర్ కాదు, ఖాళీ అయిన ఖజానా.

రెండో పాఠం నాకు 2008లోనే అందింది. ఫిబ్రవరి 5న మా న్యూజెర్సీని హిల్లరీ క్లింటన్ గెలిచారు. పది లక్షల మందికి పైగా ఓటేసిన పోరు అది. టీవీలో అదే హోరు. అదే రోజు ఐడహోలో డెమొక్రాట్ల కాకస్‌లకు, అంటే పార్టీవాళ్ళు ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సమావేశాలకు, ఇరవై వేల పైచిలుకు మంది వచ్చారు, బరాక్ ఒబామా గెలిచారు. దాన్ని పట్టించుకున్నవారే తక్కువ. ఇక డెలిగేట్లు చూడండి: న్యూజెర్సీలో 59-48, ఐడహోలో 15-3. ఆమెకు వచ్చిన ఆధిక్యం 11, ఆయనకు వచ్చింది 12! ఆ పార్టీలో డెలిగేట్లను ఓట్ల నిష్పత్తిలో పంచుతారు. అందువల్ల పెద్ద రాష్ట్రంలో స్వల్ప తేడాతో గెలుపు కంటే చిన్న రాష్ట్రంలో ఏకపక్ష గెలుపే ఒక్కోసారి లాభం. బేస్‌బాల్‌లో దీనికి దగ్గరిది వాక్. పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ బ్యాటు పక్కన పడేసి మొదటి బేస్‌కు, అంటే పరుగు కోసం చుట్టి రావలసిన గుర్తుల్లో మొదటిదానికి, నడిచి వెళ్తాడు. చప్పట్లుండవు, మనిషి మాత్రం బేస్ మీద ఉంటాడు. రిపబ్లికన్ల సంగతి వేరు. వారి పద్ధతిలో చాలా రాష్ట్రాల్లో గెలిచినవారికే డెలిగేట్లన్నీ పోతాయి. అక్కడ హోమ్ రన్‌కే, అంటే మన సిక్సర్ లాంటి దెబ్బకే విలువ.

ఉత్సాహంలో ఒకటి మరవకండి. వీసా మీద ఉన్నవారికే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవారికీ ఈ ఎన్నికల్లో ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్ళినప్పుడు చాలాచోట్ల ఓటరు నమోదు కూడా చేయించుకుంటారా అని అడుగుతారు. మీరు పౌరులా అన్న ప్రశ్నకు పొరపాటున కూడా అవునని గుర్తు పెట్టకండి, దేశం నుంచి పంపించేసే వరకూ రావచ్చు. అభ్యర్థులకు విరాళాలు కూడా వీసా మీద ఉన్నవారు ఇవ్వకూడదు, గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వవచ్చు.

మిగతాది చెబితే రాదు. ఏప్రిల్‌లో, ప్రైమరీలు సగంలో ఉండగానే బేస్‌బాల్ మొదలై ఉంటుంది. మీ ఊరి దగ్గర మైనర్ లీగ్ (కింది స్థాయి జట్ల) మైదానం ఉంటే టికెట్ చవక. పక్కసీటు పెద్దాయనను ఒక్క ప్రశ్న అడగండి, తొమ్మిది ఇన్నింగ్సులూ ఆయనే చెబుతారు. స్వెట్టర్ తీసుకెళ్ళండి, రాత్రి మ్యాచ్‌లో చలి ఎముకలు కొరుకుతుంది.